కష్టం తీరకముందే ఆనందం దొరికినవాళ్లు ఉన్నారా?

ప్రశ్న: టంగుటూరు చెల్లెలు

అందరికీ వందనాలు. మాది టంగుటూరు దగ్గర పల్లె. కౌలుకు తీసుకుని పొగాకు వేస్తాం. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు చేలో నీళ్లు నిలిచి తోటంతా ఉరకెత్తింది. మళ్లీ నారు కొని నాటాం. ఆకు సరిగా రాలేదు, కౌలు మాత్రం మొత్తం కట్టాల్సి వచ్చింది. ఆ అప్పు ఇంకా తీరలేదు, వడ్డీ పెరుగుతా ఉంది. ఆయన సేద్యం మానుకుని చీమకుర్తి గ్రానైట్ పనికి పోతా ఉన్నారు. రాత్రిళ్లు నిద్రపోరు. అన్నం ముందు కూర్చుని అట్లాగే చూస్తా ఉంటారు.

మొన్న స్త్రీల కూడికలో నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. నోరు తెరిస్తే ఏడుపొచ్చింది. ఒక పెద్దావిడ, ‘ప్రభువులో ఆనందం లేదంటే విశ్వాసం తక్కువైందనే’ అన్నారు. ఆమె చెడ్డ మనిషి కాదు. మా పాపకు జ్వరమొచ్చినప్పుడు రాత్రంతా పక్కన కూర్చుని ప్రార్థన చేసింది. అందుకేనేమో ఆ మాట ఇంకా గుచ్చుకుంటా ఉంది.

నేను ప్రార్థన మానలేదు, ఆరాధన మానలేదు. ‘ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి’ అన్న వాక్యం చిన్నప్పుడే కంఠస్థం. కష్టం తీరాక ఆనందించినవాళ్ల సాక్ష్యాలు చాలా విన్నాను. తీరకముందే ఆ ఆనందం దొరికినవాళ్లు మీలో ఉంటే చెప్పండి.

జవాబు: కావలి తమ్ముడు

అక్కా, వందనాలు. మీరు రాసిన ఆ వాక్యం ఫిలిప్పీ పత్రికలోది. పౌలు ఆ పత్రిక రాసింది బంధకాల్లో, అంటే ఖైదులో ఉండి. తీర్పు ఎట్లా వస్తుందో, బతుకుతాడో లేదో కూడా తేలలేదు. అదే అధ్యాయంలో కొంచెం కింద, ఏ స్థితిలో ఉన్నా సంతృప్తిగా ఉండడం ‘నేర్చుకొని యున్నాను’ అంటాడు. అంత పెద్ద అపొస్తలుడికే అది నేర్చుకుంటే వచ్చింది. మీకు ఇంకా రాలేదని ఎవరూ తప్పు పట్టకూడదు. నాకైతే చెప్పుకోదగ్గ కష్టం రాలేదు, కాబట్టి ఇంతకంటే ఎక్కువ చెప్పను. మీ ఇంటి కోసం ప్రార్థన చేస్తున్నాను.

జవాబు: ఒంగోలు టీచరమ్మ

తల్లీ, తీరకముందు సంగతి అడిగావు. మా ఇంట్లో అది తీరనేలేదు, అందుకని నేను చెప్పొచ్చు.

మా ఆయనకు కిడ్నీలు పాడై డయాలసిస్ మీద ఉండేవారు. మొదట్లో స్వస్థత ఒక్కటే అడిగాం. రాలేదు. మిషను నడుస్తున్నంతసేపు సూది ఉన్న చెయ్యి కదపకూడదు. ‘కీర్తన చదువు’ అనేవారు. నూట మూడో కీర్తన చదివేదాన్ని. ‘మనము మంటివారమని ఆయన జ్ఞాపకము చేసికొనుచున్నాడు’ అన్న చోట ఆగమనేవారు. పక్క మంచం మీదికి దర్శి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చేవాడు. క్రైస్తవుడు కాదు. ‘ఆ ముక్క ఇంకోసారి చదువమ్మా’ అని అడిగేవాడు. మన ఒళ్లు మట్టేనని దేవుడికి గుర్తుందన్న మాట ఆ గదిలో ఉన్న అందరికీ కావాల్సిన మాట. అక్కడ నవ్వులు కూడా ఉండేవి, నమ్ము. ఇడ్లీ పొట్లం విప్పి పంచుకునేవాళ్లం. ఉప్పులేని చట్నీని తిట్టుకుంటూ తినేవాళ్లు.

ఆయన 2019లో ప్రభువు దగ్గరకు వెళ్లిపోయారు. ఆ గదిలో నాకు దొరికింది మాత్రం ఆయనతో పోలేదు. దేవుడు మమ్మల్ని లోపలికి పంపి తాను వాకిట్లో నిలబడిపోలేదని నాకు తెలిసింది. నేను ఆనందం అనేది దాన్నే. ఏడుస్తున్నప్పుడు కూడా అది ఉంటుంది. రెండో కొరింథీ ఆరో అధ్యాయంలో పౌలు దుఃఖపడడం, ఎల్లప్పుడు సంతోషించడం రెండిటినీ ఒకే వాక్యంలో పెట్టాడు, చూడు.

నిన్ను ఆ మాట అన్న పెద్దావిడ మీద కోపం పెట్టుకోకు. ఆ మాటను మాత్రం మనసులోకి రానివ్వకు. యోబు స్నేహితులు కూడా దాదాపు అట్లాగే మాట్లాడారు: నీకు కష్టం వచ్చిందంటే లోపం నీలోనే ఉందని. ఆఖరి అధ్యాయంలో దేవుడి కోపం రగిలింది ఆ స్నేహితుల మీద. దేవుణ్ణే అన్ని కఠినమైన మాటలు అన్న యోబుచేత వాళ్లకోసం ప్రార్థన చేయించాడు.

హబక్కూకు ప్రవక్త గ్రంథం మూడో అధ్యాయం చివర మీ ఇద్దరూ కలిసి చదవండి. అది సేద్యం చేసేవాళ్ల ఇంటి లెక్క. చేలో పైరు పండలేదు, దొడ్డిలో గొర్రెలు లేవు, సాలలో పశువులు లేవు. అన్నీ పేరుపేరునా చెప్పుకున్నాకే ‘నేను యెహోవాయందు ఆనందించెదను’ అంటాడు. పోయినవాటి లెక్క దాచలేదు. మీరు కూడా దాచొద్దు. తోట పోయింది, కౌలు కట్టాం, ఫలానా చోట ఇంత అప్పుంది అని ఆయన ముందు నోరు తెరిచి చెప్పండి.

ఇంకో సంగతి. మన వైపు సంఘాలు మొదలైందీ పెరిగిందీ గడ్డు కాలాల్లోనే. 1854 జనవరి 1న తెల్లవారుజామున అమెరికా బాప్టిస్టు మిషనరీలైన జూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి ప్రార్థించారు. అప్పటికి ఒంగోల్లో సంఘం లేదు. ఉన్న నెల్లూరు మిషనునే ఎత్తేద్దామా అని అమెరికాలో మాట్లాడుకుంటున్న రోజులవి. తర్వాత 1876–78 కరువు వచ్చింది. అప్పటి ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో కొంత తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి దొరికేట్టు చేశాడు. మన బోధకులే అక్కడ మేస్త్రీలు. కూటి కోసం చేరారన్న మాట రాకూడదని ఆ సాయం నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ఆగిపోయాక, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగపల్లెలవాళ్లు. అందరూ ఆ సంఖ్యే చెబుతారు. నాకు అంతకన్నా ముఖ్యం ఏమిటంటే, కూలి ఆగిపోయాక కూడా వాళ్లు వచ్చారు. ఇక పెట్టేదేమీ లేదని తెలిసే ఏట్లోకి దిగారు. వాళ్లకు కాలువ గట్టు మీద ఏదో దొరికింది, అది కూలితోపాటు అయిపోలేదు.

జవాబు: నెల్లూరు నర్సమ్మ

టీచరమ్మగారి మాటలు చదివి కళ్లు తుడుచుకున్నాను. నేను ఒక్క సంగతి కలుపుతాను. సిస్టర్, మీ ఆయన నిద్రపోవడం లేదు, అన్నం తినడం లేదు అన్నారు. దాన్ని ప్రార్థన అంశంగా మాత్రమే పెట్టుకోవద్దు, డాక్టరుకు చూపించండి. మనసు బాగాలేనివాళ్లకోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం టెలిమానస్ నంబరు 14416, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో పురుగుమందు మిగిలి ఉంటే ఈరోజే ఆయనకు అందని చోటికి, వేరేవాళ్లింటికి పంపేయండి. చచ్చిపోతాను ప్రభువా అని ఏలీయా ప్రవక్త బదరీచెట్టు కింద పడుకుంటే దేవదూత ప్రసంగం చెయ్యలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు. మొదటి రాజులు పంతొమ్మిదో అధ్యాయం.

టంగుటూరు చెల్లెలు

అందరికీ వందనాలు. మందు డబ్బాలు మా అన్నవాళ్లింటికి పంపేశాను. హబక్కూకు చదివాం. ‘సాలలో పశువులు’ అన్న చోట ఆయన ఆపి, మనం గేదెలమ్మిన సంగతి పాస్టరు అయ్యగారికి తెలుసా అని అడిగారు. తెలియదు. ఆ రాత్రే వెళ్లి మొత్తం చెప్పాం. మా సంఘంలోనే ఇంకో రెండిళ్లవాళ్లు ఇట్లాగే ఉన్నారంట. మేమెవరం ఒకరికొకరం చెప్పుకోలేదు. ఆదివారం ఆరాధనయ్యాక మూడిళ్లవాళ్లం అయ్యగారింట్లో కూర్చుంటున్నాం. నర్సమ్మగారూ, సోమవారం డాక్టరు దగ్గరకు వస్తానని ఆయనే అన్నారు. టీచరమ్మా, ఆదివారం ఏ కీర్తన చదవమంటారు?

ఒంగోలు టీచరమ్మ

పదమూడు చదవండి తల్లీ. ఆరు వచనాలే. ‘ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు’ అని మొదలవుతుంది. ఆ ముందు వచనాలు మగవాళ్లను చదవమనండి, తొందరపెట్టకుండా. అయిదో వచనం దగ్గర ఎవరికైనా గొంతు పెగలకపోతే పక్కవాళ్లు అందుకోండి.