వీధి వసారా స్తంభాల మొదళ్ళు కుళ్ళిపోయాయి, అతికించొచ్చా, పూర్తిగా మార్చాలా?

లంకవాసి:
అందరికీ నమస్తే. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు, తాతగారు కట్టించిన మండువా ఇల్లు. వీధి వసారాకి నాలుగు టేకు స్తంభాలు, వాటి మీద దూలం, పైన వాసాలు, పెంకు. నేను హైదరాబాద్‌లో ఉంటాను, మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఊరికే చెయ్యేసి చూస్తే ఎడం పక్క రెండు స్తంభాలు అడుగున మెత్తగా తగిలాయి. పైన రంగు మాత్రం నిక్షేపంలా ఉంది! స్క్రూడ్రైవర్ పెట్టి నొక్కితే రెండంగుళాలు అలా దిగిపోయింది, బయటికి లాగితే తడి కాఫీపొడి లాంటి పొట్టు వచ్చింది. నేల నుంచి జానెడు దాకా ఇదే పరిస్థితి, ఆ పైన కొడితే ఖంగుమంటోంది. ఊళ్ళో మేస్త్రి అయితే మొత్తం పీకేసి స్లాబ్ వేసేద్దాం అంటున్నాడు, అమ్మేమో ఆ స్తంభానికి ఆనుకునే మీ తాత పేపర్ చదివేవారు, దాని జోలికెళ్తే ఊరుకోను అంటోంది. చేయించిన వాళ్ళెవరైనా ఉంటే కాస్త చెప్పండి.

భీమ్లీ బుల్లోడు:
బ్రో దీనికి ఇంత టెన్షన్ ఎందుకు, మెత్తగా ఉన్నది గీకేసి అడుగున చుట్టూ సిమెంటు దిమ్మ కట్టించెయ్, పైన రంగు కొట్టెయ్. మా పెద్దనాన్న వాళ్ళింట్లో అలానే చేశాం, అయిదేళ్ళయింది ఏమీ కాలేదు.

వడ్రంగి వారి అబ్బాయి:
ఏమీ కాలేదా, కనపడట్లేదా తమ్ముడూ? కర్రకీ సిమెంటుకీ మధ్య సన్న సందు ఎప్పుడూ ఉంటుంది, చినుకు పడితే నీళ్ళు అందులోకి దిగుతాయి, మళ్ళీ బయటికి రావు. గ్లాసులో పుల్ల నిలబెట్టినట్టే. లోపల ఏం జరుగుతోందో దిమ్మ పగలగొడితే గానీ తెలీదు.

లంకవాసి గారూ, రిపేరు సంగతి తర్వాత, ముందు ఒకటి చెప్పండి. పాత ఇళ్ళల్లో స్తంభం చాలావరకు రాతి పీట మీద నిలబడుతుంది, నేలని తాకదు. మీ ఇంట్లో ఆ రాయి కనిపిస్తోందా? మధ్యలో ఎవరైనా వసారా నేల ఎత్తు చేయించారా?

లంకవాసి:
అన్నా మీరెలా కనిపెట్టారండీ! మా నాన్నగారు ఎర్రగచ్చు పాడైందని దాని మీదే కాంక్రీటు పోయించి టైల్స్ వేయించారు, దగ్గర దగ్గర నాలుగంగుళాలు లేచింది. స్తంభాలు ఇప్పుడు టైల్స్‌లోంచి మొలిచినట్టున్నాయి. రాళ్ళ సంగతి నేనసలు మర్చిపోయాను, చిన్నప్పుడు వాటి మీదే గచ్చకాయలు ఆడేవాళ్ళం.

వడ్రంగి వారి అబ్బాయి:
అదీ రోగం. టేకు చేవ అంత తేలిగ్గా కుళ్ళదు, కానీ ఏళ్ళ తరబడి తడిలో ఉంటే అదీ ఏం చేస్తుంది పాపం. కర్రలో తేమ 20 శాతం లోపు ఉంటే బూజు పెద్దగా పట్టదు, అందుకే పైన మీ స్తంభం ఖంగుమంటోంది.

మా నాన్న చేసే పద్ధతి చెప్తాను. ముందు దూలం కింద, స్తంభానికి రెండు పక్కలా సరుగుడు బాదులు గానీ జాకీలు గానీ బిగించి బరువు వాటి మీదకి తీసుకోవాలి, ఒకసారికి ఒక్క స్తంభమే ముట్టుకోవాలి, రెండూ ఒకేసారి కోస్తానంటే ఆ వడ్రంగిని పంపించెయ్యండి. స్తంభం చుట్టూ టైల్స్ పగలగొట్టి రాయి బయటపెట్టాలి. కుళ్ళు కనపడే చోటే కొయ్యకూడదు, పైకి ఇంకో రెండు మూడంగుళాలు మంచి కర్ర దాకా వెళ్ళాలి. పాతదాన్నీ కొత్తదాన్నీ సగం సగం చెక్కి ఒకదానిలో ఒకటి కూర్చే అతుకు పెట్టాలి, ఆ అతుకు పొడవు స్తంభం మందానికి రెండు మూడు రెట్లు ఉండాలి, అంటే మీది అయిదంగుళాల స్తంభమైతే దాదాపు అడుగు. తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టులు పెట్టి తలలు లోపలికి దింపి చెక్క బిరడాలు కొట్టేస్తే కనపడవు. ఇనప మేకులు వద్దు, తుప్పు పట్టి అక్కడే మళ్ళీ మొదలవుతుంది.

కర్ర మాత్రం ఇళ్ళు విప్పే వాళ్ళ దగ్గర పాత టేకు కొనుక్కోండి. కొత్తదైతే తెల్లచెక్క (చేవ చుట్టూ ఉండే బయటి లేత కర్ర) లేకుండా చూసుకోండి, దాన్ని చెద కూడా ఇష్టంగా తింటుంది. ఎపాక్సీ పుట్టీ చిన్న చిన్న గుంటలకి ఓకే, బరువు మోసే చోట దాన్ని నమ్మొద్దు.

పలాస పిల్ల:
రెండు మాటలు కలుపుతాను. కోసిన అడుగు ముఖం స్ట్రాతో తాగినట్టు నీళ్ళు లాగేస్తుంది, నిలబెట్టే ముందు అక్కడ రెండు మూడు పూతలు పడాలి. మా వైపు పడవలకి జీడి తొక్క నూనె వేస్తారు, దూలాలకీ పూస్తారు. కానీ ఒంటి మీద పడితే బొబ్బలెక్కుతుంది, గ్లౌజులు లేకుండా ముట్టుకోకండి. అది వద్దనుకుంటే బోరాక్స్, బోరిక్ యాసిడ్ నీళ్ళు పట్టించి, ఆరాక పైన రంగు వేయండి, రంగు లేకపోతే ఆ మందు వానకి కడుక్కుపోతుంది.

ఇంకోటి, మీవి పాత ఎనామెల్ పూతలైతే అందులో సీసం ఉండే అవకాశం ఎక్కువ (రంగులో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల్లో 90 వంతులు, మించకూడదన్న రూలు మన దగ్గర 2017లోనే అమల్లోకి వచ్చింది). పొడిగా గీకొద్దు, నీళ్ళు చల్లి గీకండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. చూరు నీళ్ళు ఎక్కడ పడుతున్నాయో కూడా ఓసారి చూసుకోండి, రెండు స్తంభాలూ ఒకే పక్క పోయాయంటే అటు పెంకు జారిందేమో.

లంకవాసి:
నిన్న అమ్మకి వీడియో కాల్ చేసి పనివాడితో ఒక్క టైల్ లేపించాను. కింద రాయి అలాగే ఉంది, అంచున చెక్కిన పద్మం కూడా చెక్కుచెదరలేదు, కానీ దాని చుట్టూ వేలు మునిగేంత నీళ్ళు! వానే లేదు ఈ నెల, రోజూ వసారా కడిగే నీళ్ళట అవి. అక్కా మీరన్నట్టే ఎడం పక్క చూరులో మూడు పెంకులు పగిలి ఉన్నాయి. ఎండలు ముదిరాక మే నెలలో పని పెట్టుకుంటున్నాను. నాలుగు స్తంభాల చుట్టూ టైల్స్ తీయించాలని నాన్నకి ఇంకా చెప్పలేదు, ఆయన ఏరి కోరి తెచ్చిన టైల్స్ అవి.