వైకింగ్ స్త్రీల జంట బ్రోచ్‌లు: భుజాల కిందనా, రొమ్ముల మీదనా?

ప్రశ్న:
వైకింగ్ యుగపు (సుమారు 8-11 శతాబ్దాల స్కాండినేవియా) స్త్రీలు భుజాలకు కాస్త దిగువన రెండు అండాకార బ్రోచ్‌లు (బట్టను పిన్నుతో పట్టి ఉంచే ఆభరణాలు) ధరించినట్టు చాలా చిత్రాలు చూపుతాయి. ఉప్సలా విశ్వవిద్యాలయానికి చెందిన అన్నికా లార్సన్ 2008లో దీనిని కాదన్నారు. రష్యాలోని ప్స్కోవ్ సమాధిలో దొరికిన పట్టు అంచుల వస్త్రం ఆధారంగా, బ్రోచ్‌లు రొమ్ముల మీదనే ఉండేవని, పైగౌను ముందు తెరిచి ఉండి వెనక నేలపై జీరాడేదని వాదించారు. సమాధులలో బ్రోచ్‌లు రొమ్ముల దగ్గర కనిపించడానికి కారణం, దేహం కుళ్ళినప్పుడు అవి కిందికి జారడమేనన్న పాత వివరణను ఆమె అంగీకరించలేదు. ఏది నమ్మదగినది?

సమాధానం 1:
ఇవి నిజానికి రెండు ప్రశ్నలు; వాటిని ఒకటిగా కలిపేయడం వల్లనే చర్చ తెగడం లేదని నా అభిప్రాయం. బ్రోచ్ ఎంత ఎత్తున ఉండేదన్నది ఒకటి, గౌను ముందు తెరిచి ఉండేదా అన్నది మరొకటి.

మొదటిదానిలో నేను లార్సన్ వైపే మొగ్గుతాను. క్రీ.శ. 922లో వోల్గా నదీతీరాన రూస్ జనాన్ని (స్కాండినేవియా మూలాలున్న వర్తకులను) కళ్ళారా చూసిన అరబ్ రాయబారి ఇబ్న్ ఫద్లాన్, స్త్రీలకు ఒక్కొక్క రొమ్ము మీద ఒక్కొక్క డబ్బీ ఉండేదని, భర్త ఆస్తిని బట్టి అది ఇనుముదో, రాగిదో, వెండిదో, బంగారుదో అయ్యేదని, దాని ఉంగరానికి కత్తి వేలాడేదని రాశాడు. అండాకార బ్రోచ్ తాబేటి డిప్పలా ఉబ్బి, లోపల బోలుగా ఉంటుంది గనుక, కొత్తవాడి కంటికి డబ్బీలా కనిపించడం సహజమే.

రెండవదానికి బ్రోచ్‌ను తిరగేసి చూడాలి. సుమారు 10 సెంటీమీటర్ల కంచు డిప్ప వెనుక ఇనుప పిన్ను తుప్పుతో గడ్డకట్టి ఉంటుంది; సూక్ష్మజీవులను ఆపిన రాగి లవణాల పుణ్యమా అని, గౌనుకు కుట్టిన నార లూపులు గోరంత ముక్కలుగా అక్కడే మిగిలాయి. పైచివరి లూపు వీపు నుంచి భుజం మీదుగా వచ్చిన పట్టీది, కిందిచివరి పొట్టి లూపు ముందుభాగపు బట్టది. పట్టీని పొడిగిస్తే బ్రోచ్ దిగుతుంది, కుదిస్తే ఎక్కుతుంది. అంతే తప్ప గౌను ముందు తెరిచి ఉండాలని ఆ లూపులు చెప్పవు. అందుకే ఆ భాగాన్ని నేను ఒప్పుకోలేను.

సమాధానం 2:
లూపుల విషయంలో మీతో ఏకీభవిస్తాను, ఎత్తు విషయంలో కాదు. స్వీడన్‌లోని వైకింగ్ యుగపు వర్తక పట్టణం బిర్కాలో కొన్ని గది సమాధులలో (నేలలో గదిలా కట్టిన సమాధులలో) మృతులను కూర్చోబెట్టి పూడ్చారని పరిశోధకులు భావిస్తున్నారు. కూర్చున్న దేహం కుంగితే దానితోపాటు ఆభరణాలూ కిందికి రావలసిందే కదా. ఇబ్న్ ఫద్లాన్ చూసినది కూడా వోల్గా తీరపు వర్తకుల స్త్రీలను. బిర్కా స్త్రీలను కాదు.

సమాధానం 1 రాసినవారి జవాబు:
కూర్చోబెట్టిన సమాధుల మాట న్యాయమైనది, దానిని నేను లెక్కలోకి తీసుకోవలసింది. అయితే వెల్లకిలా పడుకోబెట్టిన దేహం మీది బ్రోచ్ పక్కలకో లోపలికో పడుతుంది గాని, నడుము వైపు అంత దూరం జారదు. 1870ల నుంచి బిర్కాను తవ్విన హ్యాల్మర్ స్టోల్పే సుమారు 1,100 సమాధులను తవ్వాడు. వాటిని గళ్ళ కాగితం మీద కొలతలతో గీశాడు. ఆ పటాలలో పడుకోబెట్టిన స్త్రీల సమాధులను మాత్రమే వేరుచేసి, పుర్రెకూ బ్రోచ్‌కూ మధ్య దూరాన్ని ఒక్కొక్కదానిలో కొలిచి, ఎత్తు సంగతి అప్పుడు తేల్చుకుందాం.