సమస్యాపూరణం: "దీపమారినపుడె దేవుఁ గంటి"

నిర్వాహకుడు, కడప:
దీపం ఆరడాన్ని మన ఇళ్ళలో అపశకునంగా భావించి, ఆ మాట నోట రానీయక "కొండెక్కింది" అంటాము. సరిగ్గా ఆ క్షణంలోనే దైవదర్శనమైందని చెప్పడంలోని విరోధమే ఈ సమస్య. ఇది ఆటవెలది నాలుగో పాదం; ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి. ఐదూ సూర్యగణాలే, దీ–దే యతి (మొదటి, నాలుగో గణాల తొలి అక్షరాల మైత్రి). ఎవరో చెప్పగా నమ్మిన దైవం కాక, తన లోపల తాను ఎరిగిన దైవమే విషయం కావాలి.

ప్రొద్దుటూరు సభ్యుడు:

నేను నేననుచును నిరతమ్ము వెలిగెడి
యహపు వత్తి కాలి యారిపోవ
నిలిచినట్టి మదిని నిశ్శబ్దమున నేను
దీపమారినపుడె దేవుఁ గంటి

నిర్వాహకుడు:
ధార చక్కగా ఉంది. సూర్యచంద్రులు అస్తమించి, అగ్ని చల్లారి, వాక్కు సైతం అణగినప్పుడు మనిషికి వెలుగేదని బృహదారణ్యకోపనిషత్తులో జనకుడు అడిగితే, ఆత్మే వెలుగని యాజ్ఞవల్క్యుడు చెబుతాడు. మీ భావానికి ఆ బలం ఉంది. అయితే రెండో పాదంలో అహాన్ని కాల్చివేసి, మూడో పాదం చివర "నేను" అంటూ దాన్నే మళ్ళీ పీట వేసి కూర్చోబెట్టారు.

ప్రొద్దుటూరు సభ్యుడు:
"నిశ్శబ్దమే కాఁగ" అని మారుస్తాను. కానీ అయ్యా, "గంటి" అన్నది మీరిచ్చిన పాదంలోనిదే కదా! అక్కడ కన్నవాడెవడు?

ఒంటిమిట్ట సభ్యురాలు:

స్వర్ణభూషలఁ గని స్వామినే మఱచితి
హారతి వెలుఁగందు నహరహంబు
గాలి వీచె, గుడిని గాఢాంధకారమే
దీపమారినపుడె దేవుఁ గంటి

మా గర్భాలయంలో సీతారామలక్ష్మణులు ఒకే శిలలో ఉంటారు. అలంకారం నిండుగా ఉన్న రోజున నా చూపు ముందుగా హారం మీదికే పోతుంది. ఎవరు చేయించారు, ఎన్ని తులాలుంటుంది అన్న లెక్కలో పడి, చేతులు జోడించి నిలబడిన సంగతి కూడా మరచిపోతాను.

మైదుకూరు సభ్యుడు:

గురువు చెప్పినట్టి మార్గమ్ముననె సాగి
శాస్త్రచర్చ యింకఁ జాలుననుచు
వాదమనెడి దివ్వె వడి నార్పఁగా మదిన్
దీపమారినపుడె దేవుఁ గంటి

నిర్వాహకుడు:
మొదటి పాదంలో గు–మా యతి కుదరదు. "గురువు చెప్పినట్టి గుఱిని దప్పక సాగి" అంటే సరిపోతుంది. వాదాన్ని దివ్వె అనడం మాత్రం నాకు రుచించలేదు. వాదంలో వేడే గానీ వెలుగెక్కడిది?

కర్నూలు సభ్యుడు:
గీత ఆరో అధ్యాయంలో యోగి చిత్తానికి గాలి లేని చోట కదలక వెలిగే దీపాన్ని ఉపమానంగా చెప్పారు. ఆ దీపమే ఆరితే దర్శనమెక్కడ?

నిర్వాహకుడు:
మంచి ఆక్షేపణ. అక్కడ చెప్పినది చిత్తపు నిలకడ. పదిహేనో అధ్యాయంలో, పరమపదాన్ని సూర్యుడు గాని చంద్రుడు గాని అగ్ని గాని ప్రకాశింపజేయలేవని ఉన్నది. ఒంటిమిట్ట పూరణలో ఆరినది బయటి దీపం, ప్రొద్దుటూరు పూరణలో అహం. కనుక ఆ రెంటికీ దోషం లేదు. మైదుకూరు వారు "మదిన్" అని లోపలి దీపాన్నే ఆర్పారు గనుక మీ ఆక్షేపణ వారికి తగులుతుంది.

ఇక "కన్నవాడెవడు" అన్న ప్రశ్న. అద్వైతం ప్రకారం చూసేవాడు వేరుగా మిగలడు. విశిష్టాద్వైతంలో జీవుడు శేషుడై, అంటే దేవునికి చెందినవాడై, మిగులుతాడు. మన తాళ్ళపాక అన్నమాచార్యులు అంతర్యామినే పిలిచి, అలసిపోయాను, శరణన్నారు. అలా మొరపెట్టుకోవడానికైనా ఒకడు మిగలాలి కదా. అందుకే "గంటి"ని నేను మార్చను. చూసిన మనిషి, చూపు మళ్ళిన క్షణం రెండూ కనబడే ఒంటిమిట్ట పూరణకే నా ఓటు.

ప్రొద్దుటూరు సభ్యుడు:
నేను ఒప్పుకోను. చూసేవాడు మిగిలితే తులాల లెక్కా మిగులుతుంది.

ఒంటిమిట్ట సభ్యురాలు:
మిగిలిందండీ. అర్చకులు దీపం తిరిగి వెలిగించగానే నా చూపు మళ్ళీ హారం మీదికే పోయింది.