జనరల్ క్రౌడర్‌ని పొగిడేవాళ్లూ తిట్టేవాళ్లూ ఇద్దరూ ఉన్నారెందుకు?

ప్రశ్న:
లా ఫైనలియర్ చదువుతున్నాను. మిలటరీ లా ప్రాజెక్టు కోసం అమెరికా ఆర్మీ లాయర్ ఈనాక్ క్రౌడర్‌ని తీసుకున్నా. 1881లో వెస్ట్ పాయింట్ మిలటరీ అకాడమీలో పాసై అశ్విక దళంలో చేరాడు, టెక్సస్ సరిహద్దులో డ్యూటీ చేస్తూనే సొంతంగా లా చదువుకున్నాడు, తర్వాత ఫిలిప్పీన్స్ సుప్రీంకోర్టులో జడ్జి, 1911 నుంచి 1923 దాకా ఆర్మీ లాయర్లందరికీ పెద్ద అయిన జడ్జ్ అడ్వకేట్ జనరల్, ఆ పైన క్యూబాకి రాయబారి. చదువుతుంటే ముచ్చటేసింది. కానీ కొందరు ఆయన్ని బాగా తప్పుపట్టారు, కారణం ఏంటి?

జవాబు:
ముందు పొగడ్త సంగతి చెప్తా. 1917లో నిర్బంధ సైనిక సేవ చట్టం నడిపించింది ఈయనే. అంతకుముందు సివిల్ వార్‌లో సైనికాధికారులే వచ్చి పేర్లు రాసుకుంటే 1863లో న్యూయార్క్‌లో జనం తిరగబడి అల్లర్లు చేశారు. అందుకే క్రౌడర్ ఆ పనిని ఊరి మనుషులుండే లోకల్ బోర్డుల చేతికిచ్చాడు. జూన్ 5న ఒక్కరోజులోనే 21 నుంచి 30 ఏళ్ల మగవాళ్లు 90 లక్షలకు పైగా పేర్లు రాయించుకున్నారు. జులై 20న గాజు పాత్రలో నంబర్ల గొట్టాలు పోసి, యుద్ధమంత్రి బేకర్ కళ్లకి గంతలు కట్టుకుని మొదటిది తీస్తే 258 వచ్చింది. ప్రతి బోర్డు జాబితాలోనూ ఆ నంబరున్నవాడికి మొదటి పిలుపు. ఇంత పెద్ద పని పెద్దగా గొడవల్లేకుండా కుదరడం వెనక లాయర్ బుర్ర ఉందని నా నమ్మకం.

జవాబు:
పై మాటలు నిజమే గానీ టెక్సస్‌లోని హ్యూస్టన్ సంగతి వదిలేస్తే ఎలా బ్రదర్? 1917 ఆగస్టులో అక్కడి పోలీసులు నల్లజాతి సైనికుణ్ణి కొట్టారు, అతను చచ్చిపోయాడని పుకారు పుట్టింది, అతని దళమైన 24వ ఇన్‌ఫాంట్రీలోని నల్లజాతి సైనికులు తుపాకులతో ఊళ్లోకొచ్చారు, మనుషులు చనిపోయారు. ఒకే విచారణలో 63 మంది ముద్దాయిలు, అందరికీ కలిపి వాదించింది ఒకే ఒక్క ఆఫీసర్, ఆయన లాయర్ కూడా కాదు. డిసెంబర్ 11న తెల్లవారుజామున శాన్ ఆంటోనియో దగ్గర 13 మందిని ఉరితీశారు. యుద్ధకాలం కాబట్టి అక్కడి కమాండరే శిక్ష ఖాయం చేసేయొచ్చు, అప్పీలు లేదు. వాషింగ్టన్‌లో క్రౌడర్ ఆఫీసు రికార్డు చూసేసరికే ప్రాణాలు పోయాయి. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. 2023లో ఆర్మీయే ఆ కేసుల్లో 110 మంది శిక్షలు రద్దు చేసింది.

జవాబు:
నేను ప్రాక్టీసు చేస్తున్నాను, అసలు గొడవ ఒక్క మాట దగ్గర ఉంది. కోర్టు మార్షల్ (సైనిక కోర్టు) రికార్డుల్ని జడ్జ్ అడ్వకేట్ జనరల్ 'రివైజ్' చేయాలని పాత చట్టంలో ఉంది. క్రౌడర్ కింద పనిచేసిన శామ్యూల్ ఆన్సెల్, ఆ మాటకి అర్థం అన్యాయమైన తీర్పుని కొట్టేసే అధికారం అన్నాడు. కాదు, సలహా మాత్రమే అని క్రౌడర్. మంత్రి క్రౌడర్ వైపే నిలబడ్డాడు. అయినా హ్యూస్టన్ ఉరిశిక్షల తర్వాత, క్రౌడర్ ఆఫీసు పరిశీలించేదాకా మరణశిక్ష అమలు ఆపాలని ఉత్తర్వొచ్చింది. 1919లో ఆన్సెల్ సెనేట్ కమిటీ ముందు అంతా చెప్పాడు. జనరల్ హోదా పోయింది, ఉద్యోగం వదిలేశాడు. 1920 చట్టంలో మాత్రం తీర్పుల్ని పరిశీలించే రివ్యూ బోర్డులు వచ్చాయి. ఓడినవాడి వాదనలో కొంతైనా చట్టమైంది. నా ఓటు ఆన్సెల్‌కే.

ప్రశ్న అడిగిన వ్యక్తి:
చాలా థాంక్స్ అండీ అందరికీ. గైడ్‌ని అడిగి టాపిక్ మార్చుకుంటా, ఇద్దరి మీదా రాస్తాను. రేపట్నుంచి ఆ సెనేట్ విచారణ రికార్డుతో మొదలుపెడతా.