డిష్ కేబుల్ తగిలిస్తేనే స్పీకర్లలో హమ్ వస్తోంది, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. హాల్లో స్టీరియో యాంప్లిఫైయర్‌కి డీటీహెచ్ సెట్‌టాప్ బాక్స్ ఆడియో కలిపాను. మాటల మధ్య నిశ్శబ్దం రాగానే స్పీకర్లలో గుంయ్‌మని మోత. వాల్యూమ్ పెంచితే అదీ పెరుగుతోంది. ఫ్యాన్లు, ట్యూబ్‌లైట్లు ఆపి చూశాను, అన్నీ ఒకే ప్లగ్ బోర్డుకి మార్చాను, తేడా లేదు. బాక్స్ వెనక డిష్ కేబుల్ ఊడదీస్తే మాత్రం వెంటనే పూర్తిగా ఆగిపోతోంది! అంటే డాబా మీది డిష్ స్టాండుకీ, యాంప్లిఫైయర్ మూడో పిన్ను ఎర్త్‌కీ మధ్య గ్రౌండ్ లూప్ (రెండు చోట్ల ఎర్త్ తగలడం వల్ల వచ్చే వలయం) ఏర్పడి 50 హెర్ట్జ్ కరెంటు పారుతోందని నా అనుమానం.

ఎర్త్ పిన్ను తీసేయమని ఎలక్ట్రీషియన్ అన్నాడు. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, ఆ పని మాత్రం చేయను.

ఈ ఎర్త్ దారిని తెంపే మామూలు కేబుల్ ఐసోలేటర్ పెడదామంటే, డిష్ మీద సిగ్నల్ అందుకునే భాగమైన ఎల్‌ఎన్‌బీకి 13/18 వోల్టులు ఆ కేబుల్‌లోనే వెళ్లాలి కదా, అది ఆగిపోతుంది. ఆడియో వైరు మధ్యలో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే బేస్ తగ్గుతుందా? బాక్స్‌కి ఆప్టికల్ అవుట్ (కాంతి రూపంలో ఆడియో పంపేది) ఉంది, చిన్న డాక్ (డిజిటల్ సిగ్నల్‌ని మామూలు ఆడియోగా మార్చే పెట్టె) కొంటే మేలా? లేక డిష్ కేబుల్ లోపలి వైరు చుట్టూ ఉండే లోహపు జాలీని ఇంటి ఎర్త్‌కి కలిపించాలా? ఇలాంటిది సరిచేసినవాళ్లు దయచేసి చెప్పండి.