పున్నమి వెలుగుకు తెల్లరంగు వాడవచ్చునా? (మారుపేర్లతో చిత్రకారుల చర్చ)

పెన్నా ఒడ్డు: మైపాడు తీరంలో పున్నమి చంద్రోదయాన్ని నీటిరంగులలో వేస్తున్నాను. చంద్రబింబాన్ని, అలల మీది వెలుగును కాగితపు తెలుపుగానే వదిలివేయాలా, చివరలో తెల్ల గౌష్ (కింది కాగితాన్ని కప్పివేసే చిక్కని నీటిరంగు) పెట్టవచ్చునా అన్నది తేల్చుకోలేకపోతున్నాను.

కాగితం తెలుపు: వదిలివేయడమే మార్గం. నీటిరంగులో వెలుగు రంగుపొరను దాటి కాగితాన్ని తాకి తిరిగి వస్తుంది. గౌష్ ఆ దారిని మూసివేస్తుంది కనుక, ఎంత తెల్లగా ఉన్నా అది సున్నపు బొట్టులాగే కనిపిస్తుంది. బింబాన్ని మాస్కింగ్ ఫ్లూయిడ్‌తో (రంగు అంటకుండా పూసి, తరువాత ఒలిచివేసే ద్రవం) కప్పి, 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) దళసరి కాటన్ కాగితాన్ని తడిపి, ముదురు నీలమైన ఇండిగోలో కొద్దిగా ఎర్రమట్టి గోధుమరంగు బర్న్ట్ సియెన్నా కలిపి ఆగకుండా పూయండి.

చెరువుగట్టు: బింబం ఒక్కటే కనుక దాచవచ్చు. అలల మీద చెదిరే వందల తళుకులను ముందుగా ఎవరు దాచగలరు? నీటిరంగులలో పేరుమోసిన ఇంగ్లండు చిత్రకారుడు టర్నర్ అంతటివాడే అపారదర్శకమైన తెలుపు వాడాడు, కాగితాన్ని గీకి వెలుగు తీశాడు. ఆయనకు లేని మడి మనకెందుకు?

కాగితం తెలుపు: గీకితే బయటపడేది కాగితమే కదా. గరుకు కాగితం మీద పొడి కుంచెను అడ్డంగా లాగితే తళుకులు వాటంతట అవే మిగులుతాయి.

ఉప్పుగాలి: కడలి ఒడ్డున రాత్రి తేమకు మొదటి పూత ఆరేసరికి చంద్రుడు నడినెత్తికి వస్తాడు.

పెన్నా ఒడ్డు: అసలు సముద్రం మీద అప్పుడే లేచిన చంద్రుడు తెల్లగా ఉండడు, పసుపు నారింజలో ఉంటాడు. దానికేమంటారు?

చెరువుగట్టు: అది తరువాత చూద్దాం. ఒక పోటీకి పంపిన నా పులికాట్ చిత్రాన్ని న్యాయనిర్ణేత వంగి వంగి చూసి, పడవ అంచున గోరంత గౌష్ ఉందని తీసి పక్కన పెట్టారు. ఆ పడవ మీద వెన్నెల పడినట్టుందా లేదా అన్నది ఆయనకు పట్టలేదు.

కాగితం తెలుపు: పారదర్శక నీటిరంగులని నిబంధన ఉంటే ఆయన తప్పేముంది? బింబం లోపలికి రంగు పాకి నేను పదకొండు కాగితాలు పాడుచేసుకుని, పన్నెండవది నిలుపుకున్నాను. ఒక్క చుక్కతో దిద్దుకున్నవారిని దాని పక్కన కూర్చోబెట్టమంటారా?

చెరువుగట్టు: ఇప్పుడు అసలు మాట బయటికి వచ్చింది. ఇంతసేపూ మీరు కాపలా కాస్తున్నది ఆ పదకొండు కాగితాలకా? చూసేవారికి మీ కష్టంతో పనేమిటి?

కాగితం తెలుపు: ఉంది. దిద్దుకోవడానికి వీలులేదన్న భయం చేతిలో లేనప్పుడు నీటిరంగులే ఎందుకు, తైలవర్ణాలు వేసుకోవచ్చు.

పెన్నా ఒడ్డు: పల్చని పసుపు పూసి, ఆరిన తరువాత బింబాన్ని మాస్క్ చేశాను. అక్కడ తెలుపుతో అవసరమే రాలేదు. అలల దగ్గర మాత్రం ఇంకా ఆగి ఉన్నాను.