పింగాణీ పోత మట్టి గడ్డకడుతోంది, ఏమి చేయాలి?

అనంత_పింగాణీ: చీనా మట్టి సగం, ఫెల్‌స్పార్, పలుగురాయి పొడి చెరో పాతిక పాళ్లు. కలిపిన మర్నాటికే పోత మట్టి (అచ్చులో పోసే జారుడు మట్టి) గడ్డకడుతోంది. నీళ్లు పెంచాలా, మట్టిని జారేలా చేసే సోడియం సిలికేట్ పెంచాలా? కప్పుల పిడులు కూడా విరుగుతున్నాయి.

ఆదోని_అచ్చులు: నీళ్లు పెంచితే మొదటికే మోసం. ప్లాస్టర్ అచ్చు ఆ నీళ్లన్నీ పీల్చుకుని రెండో పోతకు పనికిరాకుండా పోతుంది. లీటరు మట్టి తూచండి. 1750 నుంచి 1800 గ్రాములు ఉండాలి.

కడప_బట్టీ: చీనా మట్టి తగ్గించి మంగంపేట గనుల ముగ్గురాయి పొడి కలపండి. తెల్లగా ఉంటుంది, దగ్గరలో దొరుకుతుంది.

కర్నూలు_కుమ్మరి: దయచేసి ఎవరూ ఆ పని చేయకండి! తెల్లనివన్నీ పాలు కావు. ముగ్గురాయి మట్టి కాదు, బేరియం సల్ఫేట్. దాని సాంద్రత 4.5, చీనా మట్టిది 2.6. పొడి అడుక్కి దిగుతుంది, లీటరు తూకం లెక్కా తప్పుతుంది.

కడప_బట్టీ: ఆ గనుల పక్కనే పుట్టి పెరిగాను. ముగ్గురాయి గురించి నాకు పాఠాలు చెప్పకండి. రంగుల్లో వాడుతున్నారు, చమురు బావుల్లో వాడుతున్నారు.

కర్నూలు_కుమ్మరి: చమురు బావుల్లో వాడేది ఆ బరువు కోసమే కదండీ! మీ మాటే మీకు అడ్డం వచ్చింది.

అనంత_పింగాణీ: నేను ముగ్గురాయి అడగలేదు. సిలికేట్ సంగతి చెప్పండి.

తాడిపత్రి_పోత: ఉత్తరప్రదేశ్‌లో పింగాణీకి పేరున్న ఖుర్జాలో ఏళ్ల తరబడి పోత పని చేసి వచ్చినవాడిని, నా మాట వినండి. మీరు వాడేది బోరు నీళ్లే అయి ఉంటుంది. వాటిలోని కాల్షియం సిలికేట్‌ను పనిచేయనివ్వదు. శుద్ధి చేసిన నీళ్లు తీసుకుని, ముందు వాటిలో సిలికేట్ కలిపి, తర్వాత పొడి కొద్దికొద్దిగా వేయండి. పొడి బరువులో 0.3 శాతంతో మొదలుపెట్టి చుక్కలుగా పెంచండి. కర్ర ఎత్తితే మట్టి తెగకుండా సన్నగా జారాలి. అక్కడ ఆపేయాలి. మోతాదు మించితే మళ్లీ చిక్కబడుతుంది. రాత్రంతా నాననిచ్చి, 80 నంబరు (అంగుళానికి 80 కన్నాల) జల్లెడ పట్టండి.

ఆదోని_అచ్చులు: సిలికేట్ ఎక్కువైతే అచ్చు కూడా పాడవుతుంది. లోపలి గోడ గరుకెక్కుతుంది, బయట తెల్లటి ఉప్పు పూస్తుంది. అసలు ఈ మధ్య ప్లాస్టరే బాగుండటం లేదు. పోయినసారి కొన్న మూటలో సగం చెమ్మ తగిలిన సరుకే. తిరిగి ఇవ్వబోతే కొట్టువాడు పోట్లాటకు వచ్చాడు!

కడప_బట్టీ: మాకూ అదే అనుభవం. అచ్చులు రేకుల మీద ఎండబెడితే అంచులు పొడిపొడిగా రాలిపోతున్నాయి.

కర్నూలు_కుమ్మరి: మే నెలలో రేకుల మీదా! ప్లాస్టర్ అచ్చుకు 50 డిగ్రీలు దాటనివ్వకూడదు. నీడలో, గాలి తగిలేచోట నిలబెట్టండి.

కడప_బట్టీ: వానాకాలంలో నీడన పెడితే ఎప్పటికి ఆరుతాయండీ? బేరానికి వచ్చినవాళ్లు ఆగుతారా?